వేసవి నిద్ర నుంచి మంచుబండిని లేపడం ఎలా?

ఇంజను ఆరు నెలలు కదలకుండా పడి ఉంటే దానికేమవుతుంది? "ఏమవుతుంది? తిరిగితే కదా అరిగేది! ఊరికే ఉన్న ఇంజను కొత్తదానిలాగే ఉంటుంది" అనుకుంటారు చాలామంది. ఒకప్పటి రెండు స్ట్రోకుల స్కూటర్లు నడిపినవాళ్ళని అడగండి, ఈ మాట ఎంత తప్పో చెబుతారు. వేసవి సెలవులకు ఊరెళ్ళి నెల తర్వాత తిరిగొచ్చాక, స్కూటర్‌ను ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, పదిసార్లు కిక్ కొట్టి, ప్లగ్గు విప్పి తుడిచి, చివరకు తోయించుకుని స్టార్టు చేసిన అనుభవం ఎందరికో ఉంది.

నెల రోజులకే స్కూటరు ఇంత మొరాయిస్తే, ఏటా ఏడెనిమిది నెలలు తప్పనిసరిగా మూలన పడుకునే బండి సంగతేమిటి? అలాంటి బండే స్నోమొబైల్. మంచు కరగగానే దాన్ని షెడ్డులో పెట్టేస్తారు. మళ్ళీ మంచు కురిసిన రోజునే దాని అవసరం వస్తుంది. ఆ రోజు అది కదలకపోతే చిరాకు మాత్రమే కలుగుతుంది. సగం బాగై కదిలితే మాత్రం ప్రమాదం. ఈ రెండో మాట వింతగా అనిపించవచ్చు. కారణం తెలియాలంటే ముందు ఆ బండి గురించి కొంత తెలుసుకోవాలి.

మంచు మీద పరుగు

ముందు రెండు స్కీలు, వెనుక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యలో ఇంజను, పైన సీటు. ఇదే స్నోమొబైల్. స్కీలు దారి చూపుతాయి. పట్టా గుండ్రంగా తిరుగుతూ బండిని ముందుకు నెడుతుంది. బరువు పట్టా వైశాల్యమంతా పరుచుకుంటుంది కాబట్టి బండి మెత్తటి మంచులో కూరుకుపోదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ 1930లలో మంచు మీద నడిచే పెద్ద వాహనాలను రూపొందించాడు. 1959లో ఆయన సంస్థ విడుదల చేసిన 'స్కీ-డూ' అనే చిన్న బండితో ఒకరిద్దరు ప్రయాణించే స్నోమొబైళ్ళకు ప్రాచుర్యం వచ్చింది.

మన దేశంలో ఈ బండిని చూడాలంటే కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్ళాలి. సముద్రమట్టానికి 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మంచు మైదానంలో చలికాలమంతా పర్యాటకులను స్నోమొబైళ్ళ మీద తిప్పుతారు. అక్కడ వీటిని స్నో స్కూటర్లనీ అంటారు. సియాచిన్ వంటి హిమానీనదాల మీద మన సైన్యం కూడా వీటిని వాడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రాలలో, కెనడాలో స్థిరపడిన తెలుగువారు కొందరికి ఇది ఇంటి షెడ్డులోని వస్తువే.

ఇప్పటి కొత్త స్నోమొబైళ్ళలో చాలావాటికి కంప్యూటర్ నియంత్రణలో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి ఉంది. అయితే కార్బ్యురేటర్ ఉన్న రెండు స్ట్రోకుల పాత బండ్లు ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి. వేసవి నిద్ర తర్వాత ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవే.

కార్బ్యురేటర్ అనే కొలతగిన్నె

పెట్రోలు ద్రవరూపంలో ఇంజనులో మండదు. ఆవిరై, గాలితో సరైన పాళ్ళలో కలిస్తేనే మండుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్ళను కొలిచి కలిపేదే కార్బ్యురేటర్.

దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది. టాంకు నుంచి వచ్చిన పెట్రోలు అందులో నిలుస్తుంది. గిన్నెలో తేలే ఫ్లోట్, మన ఇళ్ళలో నీళ్ళ టాంకులోని బంతిలాగే, మట్టం పెరగగానే ఒక సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. గిన్నె పైన గాలి వెళ్ళే గొట్టం ఒకచోట సన్నగా ఉంటుంది. సన్నటి చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇది బెర్నౌలీ సూత్రం. పీడనం తగ్గిన చోటికి గిన్నెలోని పెట్రోలు పైకి ఎగబాకి, తుంపరలై గాలిలో కలుస్తుంది.

పెట్రోలు ఎంత వెళ్ళాలో నిర్ణయించేవి జెట్లు. ఇవి సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి మరలు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పైలట్ జెట్, పూర్తి వేగంలో మెయిన్ జెట్ పెట్రోలునిస్తాయి. పైలట్ జెట్ రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కంటే సన్నం. ఈ కొలతను గుర్తుంచుకోండి. మన కథంతా ఈ రంధ్రం చుట్టూనే తిరుగుతుంది.

పెట్రోలు కూడా ముసలిదవుతుంది

పెట్రోలు ఒకే పదార్థం కాదు. అది వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. నిల్వ ఉంచినప్పుడు దానిలో మూడు మార్పులు జరుగుతాయి.

మొదటిది, తేలిక భాగాలు ఎగిరిపోవడం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పెట్రోలులోని బరువైన భాగాలు మరగడానికి 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. గడ్డకట్టే చలిలో ఇంజనును రగిలించేది తేలిక భాగాల ఆవిరే. అందుకే చలి దేశాలలో శీతాకాలం పెట్రోలులో ఇలాంటి భాగాలను ఎక్కువగా ఉంచుతారు. వేసవి ఎండకు టాంకు మూతలోని గాలి రంధ్రం గుండా మొదట జారుకునేవీ అవే. మిగిలిన పెట్రోలుకు వాసన ఉంటుంది, రంగు ఉంటుంది, అగ్గిపుల్ల చూపితే మండుతుంది కూడా. కానీ మైనస్ 15 డిగ్రీల చలిలో, చల్లటి సిలిండరులో, కావలసినంత ఆవిరినివ్వదు.

రెండోది, బంక కట్టడం. పెట్రోలులోని ఒలెఫిన్లనే అసంతృప్త హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరుపుతాయి. పెరాక్సైడ్లు ఏర్పడి, అవి ఒకదానితో ఒకటి గొలుసుకట్టి పెద్ద అణువులవుతాయి. వంటనూనె ముక్కిపోవడం, పెయింట్లలో వాడే అవిసె నూనె ఆరి గట్టి పొర కట్టడం ఈ జాతి చర్యలే. రాగి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. జెట్లేమో రాగి మిశ్రలోహమైన ఇత్తడితో చేసినవి! టాంకులోని పెట్రోలు ఎక్కువ కాబట్టి అది త్వరగా చెడదు. కార్బ్యురేటర్ గిన్నెలో ఉండేది కొద్దిపాటి పెట్రోలు. కొన్ని వారాలలోనే అది ఆవిరైపోయి, అడుగున తుమ్మబంక రంగులో జిగురు పొర మిగులుతుంది. ఆ పొర జెట్ల రంధ్రాలలో కూడా పేరుకుంటుంది.

మూడోది, నీరు చేరడం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అమెరికాలో సాధారణంగా 10 శాతం ఉంటుంది. మన దేశంలో 2025 నాటికి 20 శాతం మిశ్రమం విస్తృతంగా అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పదిశాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో కరిగించుకోగలదు. అంతకు మించితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి, బరువుగా అడుగుకు దిగుతాయి. ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ ఈ కరిగించుకునే శక్తి తగ్గుతుంది. కాబట్టి సెప్టెంబరులో తేటగా కనిపించిన పెట్రోలు డిసెంబరు చలిలో రెండు పొరలుగా విడిపోవచ్చు. అడుగు పొరే ముందుగా ఇంజనులోకి వెళుతుంది. అది కార్బ్యురేటర్‌లోని అల్యూమినియాన్ని తిని తెల్లటి పొడిలాంటి తుప్పును కూడా మిగులుస్తుంది.

స్టార్టు కాకపోవడం కన్నా పెద్ద నష్టం

ఇక మొదట అన్న మాటకు వద్దాం. 0.4 మిల్లీమీటర్ల రంధ్రం బంక వల్ల 0.3 మిల్లీమీటర్లయిందనుకోండి. తగ్గింది పదోవంతు మిల్లీమీటరే. కానీ ప్రవాహం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేస్తే వైశాల్యం మొదటిదానిలో 56 శాతమే మిగిలింది. అంటే పెట్రోలు దాదాపు సగానికి పడిపోయింది!

ఇది పైలట్ జెట్‌లో జరిగితే ఇంజను స్టార్టు కాదు. దానివల్ల చేతి నొప్పి తప్ప నష్టం లేదు. అదే మెయిన్ జెట్ కొంత మూసుకుపోయి పైలట్ జెట్ బాగుంటే? బండి చక్కగా స్టార్టవుతుంది, నెమ్మదిగా హాయిగా తిరుగుతుంది. నడిపేవాడు సంతోషించి మైదానంలోకి వెళ్ళి థ్రాటిల్ పూర్తిగా నొక్కుతాడు. అప్పుడు ఇంజనుకు గాలి నిండుగా, పెట్రోలు తక్కువగా అందుతాయి. దీన్ని పలుచని మిశ్రమం అంటారు. సిలిండరులో చేరిన అదనపు పెట్రోలు ఆవిరవుతూ పిస్టన్‌ను కొంత చల్లబరుస్తుంది. ఆ చలువ ఇప్పుడు లేదు. నిమిషానికి 8,000 చుట్లు తిరిగే రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరులోనూ సెకనుకు 130కి పైగా మంటలు లేస్తాయి. మండే వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ చేసిన అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండరు గోడకు పట్టేస్తుంది, లేదా దాని నెత్తిన బొక్క పడుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. రెండు స్ట్రోకుల ఇంజనులో విడిగా నూనె తొట్టి ఉండదు. చాలా పాత బండ్లలో నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు. అంటే పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. పొరలుగా విడిపోయిన నీరు-ఇథనాల్‌లో ఆ నూనె సరిగా కలవదు కూడా. జనావాసానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, పొద్దు గూకే వేళ, మైనస్ 20 డిగ్రీల చలిలో ఇంజను పట్టేస్తే అది యంత్రం నష్టంతో పోయే విషయం కాదు. ప్రాణం మీదికి వస్తుంది.

తాడు లాగే ముందు

షెడ్డు తలుపు తీయగానే స్టార్టర్ తాడు పట్టుకుని లాగాలనిపిస్తుంది. ఆగండి. ఈ కింది పనులు వరుసగా చేయండి. షెడ్డు తలుపులు బార్లా తెరవండి. దగ్గరలో పొయ్యి, సిగరెట్టు, హీటరు ఏదీ ఉండకూడదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు మండగల ఆవిరిని ఇస్తుందని మరవకండి.

మొదట గాలిపెట్టె మూత తీసి చూడండి. వెచ్చగా, చీకటిగా ఉండే ఆ చోటు ఎలుకలకు ఇష్టమైన కాపురం. గూడు ఉంటే పూర్తిగా తీసేయండి. అయితే గాలిపెట్టెను తీసి పక్కన పెట్టి ఇంజను నడపకండి. దాని అడ్డును లెక్కలోకి తీసుకునే జెట్ల సైజును నిర్ణయిస్తారు. అది లేకపోతే గాలి ఎక్కువై మిశ్రమం పలుచబడుతుంది.

రెండు, పాత పెట్రోలును గాజు సీసాలోకి కొద్దిగా తీసి చూడండి. పుల్లటి వాసన, ముదురు రంగు, అడుగున వేరే పొర కనిపిస్తే టాంకు మొత్తం ఖాళీ చేయవలసిందే. కొత్త పెట్రోలు కలిపి 'సరిపెట్టడం' వల్ల విడిపోయిన పొర పోదు.

మూడు, రబ్బరు గొట్టాలన్నీ వంచి చూడండి. గట్టిపడి పగుళ్ళిచ్చినవాటిని మార్చండి. ఈ బండ్లలో చాలావాటికి పెట్రోలు పంపు కరెంటుతో నడవదు. క్రాంక్‌కేసులో పిస్టన్ కదలికతో పుట్టే పీడనపు తుళ్ళింతలు ఒక సన్న గొట్టం ద్వారా పంపులోని పలుచని పొరను ఆడిస్తాయి. ఆ గొట్టానికి పగులుంటే పెట్రోలు అందదు. పైగా ఆ పగులు గుండా దొంగగాలి ఇంజనులోకి చొరబడుతుంది.

నాలుగు, కార్బ్యురేటర్ విప్పండి. గిన్నె తీసి, జెట్లు ఊడదీసి, కార్బ్యురేటర్ శుభ్రం చేసే ద్రావకంతో కడిగి, గాలి ఊది ఆరబెట్టండి. ఒక్కొక్క జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించాలి. సూదితోనో ఉక్కు తీగతోనో పొడవకండి. ఇత్తడి మెత్తనిది. రంధ్రం పెద్దదైతే కొలత శాశ్వతంగా తప్పుతుంది. ఫ్లోట్ సూది జారుడుగా ఆడుతున్నదో లేదో చూడండి. అది మూసుకుని అంటుకుపోతే పెట్రోలు రాదు. తెరుచుకుని అంటుకుపోతే పెట్రోలు పొంగి ఇంజనులోకి దిగుతుంది. రెండు కార్బ్యురేటర్లుంటే రెండూ విప్పాలి. ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్లు కాదు.

ఐదు, థ్రాటిల్ మీటను నొక్కి వదలండి. 'టక్'మని వెనక్కు రావాలి. జిగురు వల్లనో తుప్పు వల్లనో నెమ్మదిగా వస్తే ఇంజను స్టార్టు చేయనే వద్దు. ఈ బండికి గేర్లుండవు. ఇంజను వేగం కొన్ని వేల చుట్లకు చేరగానే బెల్టు దానంతట అదే పట్టుకుని బండి దూకుతుంది. అంటుకుపోయిన థ్రాటిల్‌తో స్టార్టయిన స్నోమొబైల్ షెడ్డు గోడను ఢీకొట్టిగానీ ఆగదు.

ఆరు, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇగ్నిషన్ ఆపి ఉంచి, తాడును నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగండి. ఇంజను స్వేచ్ఛగా తిరగాలి. వేసవికి ముందు సిలిండరులో చల్లిన నూనె ఉన్నా, కిందికి దిగిన పెట్రోలు ఉన్నా ఇలా బయటికి వచ్చేస్తాయి. ప్లగ్గులు బిగించి ఉండగా ఆ ద్రవం లోపలే ఉంటే, ద్రవం నలగదు కాబట్టి బలంగా లాగినప్పుడు భాగాలు వంగిపోవచ్చు. తర్వాత కొత్త ప్లగ్గులు బిగించండి.

తొలి మంట

టాంకులో తాజా పెట్రోలు పోయండి. నూనె కలిపే బండి అయితే తయారీదారు చెప్పిన పాళ్ళలోనే కలపండి. 50:1 అంటే అయిదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు. నూనెకు వేరే టాంకు, పంపు ఉన్న బండి అయితే నూనె గొట్టంలో గాలి బుడగలు లేవని చూసుకోండి. బండి వెనుక భాగాన్ని గట్టి స్టాండు మీద ఎత్తి, పట్టా నేలకు తగలకుండా ఉంచండి. వెనుక ఎవరూ నిలబడకూడదు. బండిని ఆరుబయటే స్టార్టు చేయాలి. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన షెడ్డులో నిమిషాలలో ప్రాణం తీయగలదు.

పెట్రోలు కుళాయి తెరవండి. ఆపుడు బటన్ సరైన స్థితిలో ఉందా, నడిపేవాడి నడుముకు కట్టుకునే భద్రతా తాడు తగిలించారా చూడండి. గంటసేపు లాగి అలసిపోయాక ఈ తాడు పెట్టలేదని గుర్తించినవాళ్ళు చాలామందే ఉంటారు! ఇప్పుడు చోక్ వేయండి. చలిలో పెట్రోలులో కొద్ది భాగమే ఆవిరవుతుంది కాబట్టి, కావలసినంత ఆవిరి రావాలంటే మామూలు కన్నా కొన్ని రెట్లు పెట్రోలు పంపాలి. ఈ బండ్లలో చాలావాటికి చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు. అదనపు పెట్రోలునిచ్చే ప్రత్యేక దారి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఆ దారిలోకి తగినంత పీల్పు అందుతుంది. అందువల్ల తాడు లాగుతూ థ్రాటిల్ నొక్కితే చోక్ పనిచేయడం మానేస్తుంది. బొటనవేలిని మీట మీద నుంచి తీసేయండి.

ఖాళీ అయిన గొట్టాలు, గిన్నె నిండాలి కాబట్టి మొదటిసారి పది పదిహేనుసార్లు లాగవలసి రావచ్చు. అప్పటికీ రగలకపోతే ఇక బలం వాడకండి, బుద్ధి వాడండి. ఒక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. కుళాయి, గొట్టం, పంపు, జెట్ వరుసగా వెతకండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మంట రగలడం లేదు. ప్లగ్గు తుడిచి, చోక్ తీసేసి, మరో నాలుగుసార్లు ప్రయత్నించండి. అయినా కాకపోతే లోపం విద్యుత్తులో వెతకాలి.

రగలగానే దట్టమైన తెల్లటి పొగ వస్తే కంగారుపడకండి. వేసవి నూనె కాలిపోతోంది. కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. చోక్‌ను మెల్లగా తగ్గించి, ఇంజనును కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వండి. పిస్టన్ ముందుగా వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండరు ఇంకా చల్లగానే ఉంటుంది. తొందరపడి వేగం పెంచితే మధ్యలోని సన్నటి ఖాళీ మాయమై ఇంజను అప్పటికప్పుడే పట్టేయవచ్చు.

స్టార్టయింది, ఇంకా పని ఉంది

మొదటి రోజు ఇంటి చుట్టుపక్కలే, సగం వేగంలోనే తిప్పండి. థ్రాటిల్ నొక్కినప్పుడు తడబడటం, చోక్ కొద్దిగా వేస్తే మెరుగ్గా నడవడం పలుచని మిశ్రమానికి గుర్తులు. ఆపి ప్లగ్గు చూడండి. కాఫీపొడి రంగు మంచిది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. తెల్లగా ఉన్న ప్లగ్గుతో ఒక్క కిలోమీటరు కూడా వేగంగా వెళ్ళవద్దు.

చోటు, వాతావరణం కూడా పాళ్ళను మారుస్తాయి. 20 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 20 డిగ్రీల గాలి సుమారు 16 శాతం చిక్కన. చిక్కటి గాలికి పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. గుల్‌మార్గ్ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు నాలుగింట మూడు వంతులే. అక్కడ చిన్న జెట్ కావాలి. అదే జెట్‌తో బండిని లోయలోకి దింపి వేగంగా నడిపితే మిశ్రమం పలుచబడుతుంది. ఇంజెక్షన్ బండ్లలో ఈ సవరింపును కంప్యూటర్ చేస్తుంది. కార్బ్యురేటర్ బండిలో చేయవలసింది మీరే.

నిజానికి ఈ శ్రమలో ఎక్కువ భాగాన్ని మార్చి నెలలోనే తప్పించుకోవచ్చు. చివరి ప్రయాణమయ్యాక టాంకులో పెట్రోలు చెడకుండా కాపాడే స్టెబిలైజర్ ద్రవం కలిపి, కొద్ది నిమిషాలు ఇంజను నడిపి, కుళాయి కట్టేసి, కార్బ్యురేటర్ గిన్నెలను ఖాళీ చేయండి. గిన్నెలో పెట్రోలు లేకపోతే బంక ఎక్కడి నుంచి వస్తుంది? సిలిండరులో కొద్దిగా నూనె చల్లి, గాలి దారులకు గుడ్డలు కుక్కి, వాటిని తీయాలని థ్రాటిల్ మీటకు ఒక చీటీ కట్టండి.

మంచు ఎన్నడూ చూడని పాఠకులకు కూడా ఈ కథ పరాయిది కాదు. పంటకూ పంటకూ మధ్య మూలన ఉండే పురుగుమందు పవర్ స్ప్రేయరు, కరెంటు పోయినప్పుడే గుర్తొచ్చే పెట్రోలు జనరేటరు, వాడక మానేసిన పాత స్కూటరు, వీటన్నిటిలోనూ ఉన్నది అదే గిన్నె, అదే జెట్, అదే పెట్రోలు. పని ముగిసిన రోజున అయిదు నిమిషాలు వెచ్చించి ఆ గిన్నె ఖాళీ చేసి చూడండి. తిరిగి పని పడిన రోజున ఎన్నిసార్లు తాడు లాగవలసి వచ్చిందో లెక్కపెట్టుకోండి. తేడా మీ చేతికే తెలుస్తుంది.